ఓడెక్కిన పూలు, ఒడ్డున మిగిలిన పురుగులు

మా ఇంటి బాల్కనీలో ఒక గుమ్మడి తీగ ఉంది. నాలుగో అంతస్తు. నెల రోజులుగా పూస్తున్నది గాని కాయడం లేదు. పిందె వేలెడు పెరుగుతుంది, పసుపు తిరుగుతుంది, రాలిపోతుంది. నీళ్ళు చాలలేదేమోనని కొన్నాళ్ళు, ఎక్కువయ్యాయేమోనని కొన్నాళ్ళు దిగులుపడ్డాను. చివరికొక ఉదయం చిన్ననాటి దృశ్యమొకటి కళ్ళముందు మెదిలింది. శ్రావణమాసపు ముసురు. పెరట్లో పాదు దగ్గర అమ్మమ్మ వంగి నిలబడి, పోతుపువ్వొకటి తుంచి, దాని రేకలు ఒలిచేసి, నడుమనున్న పసుపుపచ్చని పుల్లను పిందెపువ్వు నోట సుతారంగా రాస్తున్నది. "ఏం చేస్తున్నావమ్మమ్మా?" అని అడిగాను. "మూడు రోజులబట్టి ముసురు కదరా, తుమ్మెదలు రావడం లేదు. వాటి పని మనమే చెయ్యాలి" అన్నది.

వాటి పని మనం చెయ్యడమన్న ఈ మాటకు పెద్ద చరిత్రే ఉంది. నాకు తెలిసినంతవరకు ఆ చరిత్రను ఇక్కడ చెప్పుకుంటాను.

పువ్వులోని పొడి గనుక పుప్పొడి. ఇంత సూటియైన పేరు పెట్టుకున్నవాళ్ళం, దాని పనిని మాత్రం కవులకు వదిలేశాం. మన కావ్యాలలో తుమ్మెద చపలచిత్తుడైన ప్రియుడు. ఒక పువ్వు విడిచి మరొక పువ్వు చేరడం వాడి దోషం. నిజానికి ఆ 'దోషమే' లేకపోతే కాయ లేదు. తేనెటీగల సంగతి చూస్తే పూలచుట్టూ తిరిగి పుప్పొడి మోసేవన్నీ ఆడవే, పనికత్తెలు. అవి ప్రేమకోసం కాదు, ఆకలికోసం వస్తాయి. మకరందం తాగడానికి, పుప్పొడి తినడానికి, గూటిలోని పిల్లలకు పట్టుకుపోవడానికి. ఒంటికంటుకున్న నాలుగు రేణువులు మరో పువ్వులో రాలడం వాటి దృష్టిలో పొరపాటు.

ఈ సంగతిని పుస్తకంలోకి ఎక్కించడానికి ఐరోపా పండితులకూ చాలాకాలమే పట్టింది. మొక్కలలో ఆడ మగ భేదముందని, పుప్పొడి మగవస్తువని ట్యూబింగెన్ నగరంలో కమెరారియస్ ప్రయోగాలతో చూపినది 1694లో. మరో వంద సంవత్సరాల తరువాత, 1793లో, బెర్లిన్ పక్కనున్న స్పాండౌలో బడిపెద్దగా ఉన్న క్రిస్టియన్ కాన్రాడ్ ష్ప్రెంగెల్ ఒక గ్రంథం అచ్చువేశాడు. పూల రంగు, వాసన, రేకులమీది గీతలు, తేనె అన్నీ పురుగులను పిలవడానికేనని వందలాది పూలను గమనించి రాశాడు. పూలవెంట తిరిగేవాడు బడి సరిగా నడపడని కాబోలు, మరుసటి సంవత్సరమే ఆయన కొలువు పోయింది. పుస్తకాన్ని ఎవరూ లెక్కచేయలేదు. అది మళ్ళీ వెలుగులోకి రావడానికి కారణం ఛార్లెస్ డార్విన్. రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త సలహామీద డార్విన్ ఆ పుస్తకాన్ని తెప్పించుకొని చదివినది 1841 నవంబరులో.

ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. అదే 1841లో, హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న ద్వీపంలో, ఏ పుస్తకమూ చదవని పన్నెండేళ్ళ బానిస పిల్లవాడు ష్ప్రెంగెలూ డార్వినూ చేయని పని ఒకటి చేశాడు.

ఆ ద్వీపం నేటి రీయూనియన్. ఆనాటి పేరు బూర్బోన్, ఫ్రెంచివారి వలస. చెరకు తోటలు, కాఫీ తోటలు, వాటిలో ఆఫ్రికానుండి, మడగాస్కరునుండి తెచ్చిన బానిసలు. (మనకూ ఆ ద్వీపానికీ చుట్టరికముంది. 1828-30 ప్రాంతంలో యానాం రేవునుండి తెలుగు కూలీలు ఒప్పందాలమీద అక్కడికి ఓడలెక్కారు. భారతదేశంనుండి అలా వెళ్ళిన తొలివారిలో వాళ్ళున్నారు.) 1820 ప్రాంతంలో అక్కడికి వెనిలా తీగ చేరింది. వెనిలా మెక్సికో అడవులలో పుట్టిన ఆర్కిడ్. వేరాక్రూజ్ ప్రాంతపు టోటోనాక్ జనం తరతరాలుగా దాని కాయలను వాడుకుంటూ ఉండేవారు. స్పెయిన్ వాళ్ళు 16వ శతాబ్దంలో ఆ కాయలను ఐరోపాకు పరిచయం చేశారు. కాయ ధర చూసి, తీగనే తెచ్చి సొంతంగా పండిద్దామని తరువాతివారు ఆశపడ్డారు. తీగ ఎక్కడ నాటినా బతికింది, పాకింది, కొన్నిచోట్ల పూసింది కూడా. కాయ మాత్రం కాయలేదు. సుమారు మూడు వందల సంవత్సరాలు వెనిలా మెక్సికో సొత్తుగానే ఉండిపోయిందంటే అందుకు కాపలా కాసింది సైన్యం కాదు, అక్కడి అడవి ఈగలు. (ఆ ఈగ ఏదన్నది కూడా తేలిక విషయం కాదు. కొండి లేని మెలిపోనా తేనెటీగ అని పుస్తకాలు చాలాకాలం రాశాయి. ఆకుపచ్చగా మెరిసే యూగ్లోసా జాతి ఈగలని ఇటీవలి పరిశోధకులు చాలామంది అంటున్నారు.)

వెనిలా పువ్వు కష్టమేమిటంటే, పుప్పొడీ దాన్ని అందుకొనే కీలాగ్రమూ ఒకే పువ్వులో, ఒకదానికొకటి వెంట్రుకవాసి దూరంలోనే ఉంటాయి. ఆ రెంటి నడుమ పల్చని పొర ఒకటి తలుపులాగా అడ్డముంటుంది. పువ్వు తెల్లవారి విచ్చుకొని మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ కొన్ని గంటలలో ఆ తలుపు ఎవరో ఒకరు ఎత్తాలి. 1836లో బెల్జియంలోని లియేజ్ నగరంలో షార్ల్ మోరెన్ అనే ఆచార్యుడు అద్దాల గదిలో పెంచిన వెనిలాకు చేత్తో పరాగసంపర్కం చేసి కాయలు కాయించాడు. అయితే ఆ పద్ధతి తోటలకు పనికొచ్చేది కాలేదు.

ఇక మన పిల్లవాడు. పేరు ఎడ్మోన్. ఇంటిపేరు లేదు, బానిసలకు ఉండేది కాదు. 1829లో సాంత్ సూజాన్ అనే ఊళ్ళో పుట్టాడు. తల్లి కానుపులోనే పోయింది. ఫెరెయోల్ బెల్లియే-బోమోన్ అనే తోట యజమాని వాణ్ణి చేరదీశాడు. ఆయనకు మొక్కల పిచ్చి. వాణ్ణి వెంటబెట్టుకొని తోటంతా తిరుగుతూ పూల సంగతులు చెప్పేవాడు. పుచ్చ, గుమ్మడి కుటుంబానికి చెందిన ఒక తీగకు మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు రాసి కాయ కాయించడం ఎలాగో ఒకసారి చూపించాడట. మా అమ్మమ్మ విద్యే. ఆ పాఠం పిల్లవాడి మనసులో ఉండిపోయింది.

1841లో ఒకరోజు బెల్లియే తోటలో నడుస్తూ, ఇరవై ఏళ్ళుగా గొడ్డుగా పడివున్న తన వెనిలా తీగకు కాయ వేలాడుతుండడం చూసి నిర్ఘాంతపోయాడు. "అది నేను చేసిందే" అన్నాడు పక్కనున్న ఎడ్మోన్. యజమాని నమ్మలేదు. కొన్నాళ్ళకు మరో కాయ కనిపించింది. అప్పుడు "ఏదీ, చేసి చూపించు" అన్నాడు. పిల్లవాడు వెదురు పుల్లనొకదాన్ని తీసుకొని, పువ్వు పెదవిని చీల్చి, లోపలి పొరను పుల్లతో పైకెత్తి, బొటనవేలితో పుప్పొడి ముద్దను కీలాగ్రంమీద అదిమాడు. అంతే. అరనిమిషం పని. నేటికీ మడగాస్కరులో, ఇండొనేసియాలో, మన కేరళ, కర్ణాటకల తోటలలో వెనిలా పండించేవాళ్ళు చేస్తున్నది ఆ చేష్టే. ఫ్రెంచివాళ్ళు దాన్ని 'ఎడ్మోన్ చేష్ట' అనే పిలుస్తారు. అలవాటుపడ్డ చేతులు ఒక ఉదయంలో వెయ్యికి పైగా పూలను ముట్టుకోగలవు.

బెల్లియే ఇరుగుపొరుగు యజమానులకు కబురు చేశాడు. ఎడ్మోనును బండెక్కించి తోట తోటకూ పంపారు, అక్కడి బానిసలకు నేర్పడానికి. 19వ శతాబ్దం ముగిసేనాటికి ఆ చిన్న ద్వీపం వెనిలా ఎగుమతిలో మెక్సికోను మించిపోయింది. 'బూర్బోన్ వెనిలా' అన్న పేరు అక్కడినుండి వచ్చినదే.

మరి ఎడ్మోను? 1848 డిసెంబరులో ద్వీపంలో బానిసత్వం రద్దయింది. ఇంటిపేరు కావలసివచ్చి 'ఆల్బియస్' అని పెట్టారు. లాటినులో తెలుపు అన్న అర్థం వచ్చే మాట అది. నల్లని కుర్రవాడికి ఆ పేరు పెట్టినవారు పువ్వు రంగునే తలచుకున్నారో, వేళాకోళమే చేశారో చెప్పడం కష్టం. పట్నంలో కూలిపనిచేశాడు. నగల దొంగతనం కేసులో ఇరుక్కొని జైలుకు పోయాడు. బెల్లియే మొదలైనవారు పూనుకోగా గడువుకు ముందే విడుదలయ్యాడు. ఈలోగా రాజధానిలోని ఉద్యానవనాధికారి రిషార్ అనే ఆయన, ఆ పద్ధతి కనిపెట్టినది తానేనని, ఏనాడో ద్వీపానికి వచ్చినప్పుడు తాను చూపించగా ఆ పిల్లవాడు నక్కి చూసి ఉంటాడని అన్నాడు. బెల్లియే ఊరుకోలేదు. ఒక చరిత్రకారునికి ఉత్తరం రాసి, జరిగినదంతా చెప్పి, కీర్తి ఆ పిల్లవాడిదేనని స్పష్టం చేశాడు. ఆ ఉత్తరమే లేకపోతే ఈనాడు మనకు ఎడ్మోన్ పేరు మిగిలేది కాదు. బానిసను సొత్తుగా ఉంచుకున్నవాడే అతని పేరుకోసం సాక్ష్యం పలకడం విచిత్రమే. బెల్లియేను పొగడాలో, తెగడాలో నాకిప్పటికీ తేలలేదు. 1880లో ఎడ్మోన్ కటిక పేదరికంలో, తాను పుట్టిన సాంత్ సూజానులోనే చనిపోయాడు. అతనికి భృతి ఇమ్మని పెట్టుకున్న అర్జీకి ప్రభుత్వం జవాబే ఇవ్వలేదు.

ఓడెక్కి వెళ్ళిన పూలన్నిటికీ ఇదే కథ అని కాదు. మా గుమ్మడినే చూడండి. బూడిదగుమ్మడి మన ఆసియాదే గాని, తియ్యగుమ్మడి అమెరికా ఖండాలనుండి వచ్చినది. దానికోసమే పుట్టిన ఈగజాతి ఒకటి అక్కడే ఉండిపోయింది. అయినా మన తేనెటీగలూ తుమ్మెదలూ కొత్త చుట్టానికి పీట వేశాయి. అన్ని మొక్కలకూ ఆ అదృష్టం ఉండదు. న్యూజిలాండుకు ఎర్ర క్లోవర్ గడ్డి తీసుకువెళ్ళిన ఇంగ్లీషు రైతులకు, ఆ పువ్వు లోతుకు నాలుక అందే బంబుల్ తుమ్మెదలు అక్కడ లేక విత్తనం సరిగా దొరకలేదు. 1885లో ఆ తుమ్మెదలను కూడా ఓడమీద తీసుకువెళ్ళాల్సివచ్చింది. కాలిఫోర్నియాలో స్మిర్నా అంజూర చెట్లు నాటినవాళ్ళు ఏళ్ళతరబడి పిందె రాలిపోవడం చూశారు. లోపల దూరే చిన్న కందిరీగ ఒకటి కావాలంటే చాలామంది నమ్మలేదు. 1899లో అల్జీరియానుండి ఆ కందిరీగలను తెచ్చి వదిలాక గాని పండు నిలవలేదు. మనకు ఆ విషయం ఎప్పుడో తెలిసి ఉండవలసింది. మేడిపండు అంజూరానికి దాయాదే కదా! దాని పూలన్నీ కాయ పొట్టలోనే ఉంటాయి. లోపల పురుగులున్నాయని చూసి మనం దాన్ని కపటానికి ఉపమానం చేసుకున్నాం. పాపం ఆ పురుగులు లోపలి పూలకు పుప్పొడి మోసుకొచ్చినవీ, వాటి సంతానమూను. అవి లేకపోతే మేడివిత్తు లేదు.

ఇప్పుడు మన ప్రాంతానికి దగ్గరి కథ. ఆ 1848లోనే, ఎడ్మోనుకు స్వేచ్ఛ వచ్చిన సంవత్సరంలోనే, జావాలోని బోగోర్ ఉద్యానవనానికి నాలుగు పామాయిల్ మొలకలు చేరాయి. ఆ చెట్టు పశ్చిమాఫ్రికాది. నాలుగింటిలో రెండు ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా, మిగతా రెండు మారిషస్ లేదా బూర్బోన్ మీదుగా వచ్చినట్టు లెక్కలు చెబుతున్నాయి. ఆగ్నేయాసియాలో తరువాత విస్తరించిన తోటలకు ఆ నాలుగే మూలం. 1911లో సుమత్రాలో, 1917లో మలయాలో వ్యాపారపు తోటలు మొదలయ్యాయి.

పామాయిల్ చెట్టుకు మగ గెల, ఆడ గెల వేరువేరు. ఒకే చెట్టుకు కొంతకాలం మగవీ, కొంతకాలం ఆడవీ వస్తాయి. అందువల్ల పుప్పొడి మరో చెట్టునుండి రావాలి. గాలి మోసుకొస్తుందని పుస్తకాలన్నీ రాశాయి. మలేసియా తోటలలో మాత్రం, ముఖ్యంగా సబాలో, ఆ గాలి చాలినట్టు లేదు. గెలలు సగం తాలుపోయేవి. అందుచేత కూలీలను పెట్టారు. మగపూలనుండి పుప్పొడి దులిపి, టాల్కం పొడిలో కలిపి, చిన్న ఊదుడు గొట్టాలతో విచ్చుకున్న ప్రతి ఆడ గెలమీదా చల్లడం వాళ్ళ పని. రెండు మూడు రోజులకొకసారి ప్రతి వరుసా తిరగాలి. ఏ చెట్టు ఏనాడు విచ్చుకుంటుందో తెలియదు గనుక అన్ని చెట్లూ చూడాలి. వేల ఎకరాలు. మళ్ళీ పురుగు పని మనిషి చేతిమీద పడింది.

లెస్లీ డేవిడ్‌సన్ అనే స్కాట్లండు మనిషి యూనిలీవరు తోటలలో పనిచేసేవాడు. మలయాలో కొన్నాళ్ళుండి కామెరూన్ వెళ్ళాడు. అక్కడి మగ గెలలమీద నల్లని చిన్న ముక్కుపురుగులు ముసురుకొని ఉండడం, అక్కడ ఎవరూ ఊదుడు గొట్టం పట్టకపోయినా గెలలు నిండుగా ఉండడం చూశాడు. మలేసియాకు తిరిగి వచ్చాక తేడా ఆయనకు అర్థమయింది. ఇది గాలి పని కాదేమో, పురుగు పనేమో అన్నాడు. గాలి అని పుస్తకాలలో ఉండగా తోట మేనేజరు మాట ఎవరు వింటారు? 1970లలో ఆయనే పెద్ద పదవిలోకి వచ్చాక గాని పరిశోధన మొదలు కాలేదు.

పాకిస్తానుకు చెందిన కీటకశాస్త్రవేత్త రహ్మాన్ సయ్యద్‌ను 1977లో కామెరూన్ పంపారు. ఆయన చేసిన పరీక్ష అమ్మమ్మకు కూడా అర్థమయ్యేంత సులువైనది. కొన్ని ఆడ గెలలకు గాలి సోకే, పురుగు దూరని గుడ్డ కట్టాడు. ఆ గెలలు తాలుపోయాయి. అప్పుడు వచ్చిపోయే పురుగులలో ఏది ఎక్కువ పుప్పొడి మోస్తున్నదో చూసి, ఎలాయిడోబియస్ కామెరునికస్ అనే ముక్కుపురుగును ఎంచాడు. మూడు నాలుగు మిల్లీమీటర్ల ప్రాణి.

ఆ పురుగు బతుకే ఒక విచిత్రం. మగ గెల పూతకొచ్చినప్పుడు సోంపు వాసన వేస్తుంది. ఆ వాసన పట్టుకొని వేలకొద్దీ పురుగులు చేరి పూలను తింటాయి. అక్కడే జతకట్టి, వాడిపోతున్న పూలలో గుడ్లు పెడతాయి. పిల్లపురుగులకు ఆ వాడిన పూలే అన్నం. ఆడ గెల కూడా విచ్చుకున్నప్పుడు అదే సోంపు వాసన కొద్దికొద్దిగా విడుస్తుంది. విందనుకొని పురుగులు వెళ్తాయి. తినడానికేమీ ఉండదు. మోసపోయామని తెలిసి తిరిగిపోయేలోగా ఒంటిమీది పుప్పొడి అక్కడ రాలుతుంది.

ఒక దేశపు పురుగును మరో దేశంలో వదలడం చిన్న విషయం కాదు. ఇతర పంటలమీద పడుతుందేమోనని అనేక మొక్కలమీద పరీక్షించారు. పామాయిల్ మగపువ్వు లేనిదే అది సంతానం కనలేదని తేలింది. 1981 ఫిబ్రవరిలో జొహోర్ రాష్ట్రంలోని క్లువాంగ్ దగ్గర తోటలో వదిలారు. ఏడాది తిరిగేసరికి ద్వీపకల్పమంతా వ్యాపించింది. గెలలు బరువెక్కాయి. గింజలు ఎంతగా పెరిగాయంటే వాటిని ఆడించడానికి మిల్లులు చాలలేదు. ఊదుడు గొట్టాలు మూలపడ్డాయి. ఆ గొట్టాలు పట్టిన చేతులు తరువాత ఏ పనిలోకి పోయాయో ఏ నివేదికలోనూ నా కంట పడలేదు. ఇంకొక మాటా చెప్పాలి. పంట లాభసాటి అయినకొద్దీ తోటలకోసం అడవులు నరికారు. ఒరాంగుటాన్‌ల నెలవులు పోయాయి. ఆ పాపం పురుగుమీదకు నెట్టలేం గాని, కథలో అదీ ఒక భాగమే.

మన దేశానికి ఆ పురుగు వచ్చినది 1985లో, మొదట కేరళకు. ఆ తరువాతి సంవత్సరాలలో పశ్చిమగోదావరి, ఖమ్మం జిల్లాల మెట్టప్రాంతాలలో పామాయిల్ విస్తరించింది. పెదవేగిలో 1995లో జాతీయ పరిశోధన కేంద్రం వెలిసింది. ఇవాళ దేశంలో పామాయిల్ గెలలు అన్నిటికంటె ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే.

మా మామయ్యకు జంగారెడ్డిగూడెం పక్కన పదెకరాల తోట ఉంది. పోయిన వేసవిలో వెళ్ళినప్పుడు ఆయన వెంట నడుస్తుంటే గుప్పున సోంపు వాసన కొట్టింది. భోజనం చేసి ఎవరో సోంపు నములుతున్నారేమోనని వెనక్కు చూశాను. ఎవరూ లేరు. మామయ్య నవ్వి, మట్టల నడుమ ఉన్న మగ గెలను చూపించాడు. లేత పసుపు వేళ్ళవంటి కంకులమీద నల్లగా కదులుతున్నవి ఆ ముక్కుపురుగులే. "మొదటి మూడేళ్ళూ పూత వచ్చింది వచ్చినట్టు తీసేయించార్రా, చెట్టు బలపడాలని. నాలుగో ఏడు పూత ఉంచితే పురుగు లేదు. అవతలి ఊరి ముదురు తోటలోంచి మగ గెలలు కోసి, గోనెసంచిలో చుట్టి, బండిమీద తెచ్చి మట్టలకు కట్టాం. అంతే, వారంలో తోటంతా పాకాయి" అన్నాడు.

కామెరూన్‌లో పుట్టిన పురుగు గోనెసంచిలో మోటారుసైకిలెక్కి మా మామయ్య తోటకు వచ్చిందన్నమాట. ఆ చెట్టుకింద కూర్చొని ఆయనకు ఈ కథంతా చెప్పాను. క్లువాంగ్ సంగతీ, సయ్యదు గుడ్డ కట్టిన సంగతీ 'ఊఁ' కొడుతూ విన్నాడు. ఎడ్మోన్ దగ్గరికి వచ్చేసరికి ఆపాడు.

"ఆ కుర్రాడికి ఏమైనా ఇచ్చారట్రా?"

"ఏమీ ఇవ్వలేదు మామయ్యా. అర్జీ పెడితే జవాబు కూడా ఇవ్వలేదు."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి, గెడకర్ర అందుకొని, పండిన గెల ఏదైనా రాలగింజలు వేసిందేమోనని పక్క వరుసలోకి వెళ్ళాడు.